పిడికిలి దాటిన ముక్క

ఇల్లు, వంటింటి బల్ల
సోమవారం

కోడలికి,

నువ్వు వెళ్ళి ఎనిమిది రోజులైంది. నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే నీ కూతురు బుడంకాయ కళ్ళు ఇంత చేసుకుని తలుపు వైపు చూసింది. నువ్వు రాలేదు. గంటసేపు ఏడ్చింది. ఇక ఫోన్ వద్దు. అయినా ఫోన్లో నాకు సగం వినపడదు, మిగతా సగం నేనే మాట్లాడుతుంటాను. ఉత్తరం రాయి, నేనూ రాస్తాను. నా అక్షరాలు గొడ్డలి పిడుల మీద సైజులు రాయడానికి నేర్చుకున్నవి. వంకరగా ఉంటే నువ్వే సర్దుకో.

మావాడు లారీ తీసుకుపోయాడు, గురువారం దాకా రాడు. ఇంట్లో ఉన్నది నేనూ, ఆరు నెలల నీ కూతురూ.

నువ్వు ఫ్రిజ్‌కి అంటించి పోయిన కాయితం చదివాను. మొదటిసారి నమ్మబుద్ధి కాక రెండోసారీ చదివాను. చెంచాతో తినిపించొద్దట. మెత్తగా ఉడికిన ముక్కలు ముందు పెడితే తనే తీసుకుని తింటుందట. నేను పక్కన కూర్చోవాలట, చెయ్యి పెట్టకూడదట. ఆరు నెలల పిల్ల. నాకు అరవై దాటాక కూడా మీ అత్త కంచంలో పెడితే గానీ తినేవాణ్ణి కాదు. ఆవిడ పోయి ఐదేళ్ళు. ఇప్పటికీ ఉప్పు ఎక్కడుందో వెతుక్కుంటాను. ఈ బుడంకాయ మాత్రం తన తిండి తను చూసుకుంటుందట.

సరే, దిగులు పెట్టుకోకు. బాగానే తింటోంది. నువ్వు ఆ క్రేన్ సంగతి చూసుకో. అంత ఎత్తున కూర్చుని ఓడల్లోంచి ఇనప పెట్టెలు లేపేదానివి, కింద గుమ్మడికాయ ముక్క గురించి ఆలోచిస్తే ఆ పెట్టె ఎవడి నెత్తిన పడుతుందో.

మామ

*

క్రేన్ శిక్షణ కేంద్రం, హాస్టల్ పై గది
శనివారం

మావయ్య గారికి,

ఉత్తరం అందింది. "బాగానే తింటోంది" అని ఒక్క మాట రాశారు. ఏం తింటోంది, ఎంత, ఎవరి చేత్తో, ఏదీ లేదు. గొడ్డలి పిడి గురించి అడిగితే పూటంతా చెప్పే మనిషి మీరు. మీ అబ్బాయిని అడిగితే "అంతా బాగుంది" అంటాడు. లారీ లోయలో పడ్డా అదే అంటాడు.

నిజం చెప్పండి, చెంచాతో పెడుతున్నారా?

ఆ కాయితం నేను సరదాకి రాయలేదు. అమ్మ పోయాక నన్ను పెద్దమ్మ పెంచింది. నేను నోరు తెరవకపోతే ముక్కు మూసేది. ఊపిరికి నోరు తెరుస్తాను కదా, అప్పుడు ముద్ద తోసేది. చెడ్డది కాదు పాపం, పని తొందర. ఇప్పటికీ ఎవరైనా నా కంచం వైపు చెయ్యి చాపితే కంచం వెనక్కి లాక్కుంటాను. నా కూతురి నోటికి నా కూతురే యజమాని అవ్వాలని నా పట్టుదల. పైగా మూడు నెలల పైనే నేను ఉండను. ఎవరి చేతి కోసమూ ఎదురుచూడకుండా తినడం వస్తే, నేను ఇక్కడ ప్రశాంతంగా లీవర్ పట్టుకుంటాను.

ఇక్కడ బ్యాచ్‌లో పద్దెనిమిది మందిమి. వరసగా ఆరు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు, మళ్ళీ చేర్చుకోరు. చివర్లో ఒకటే టెస్టు. అందుకే అడుగుతున్నాను. అబద్ధం మాత్రం రాయకండి.

మీ కోడలు

*

ఇల్లు
బుధవారం

కోడలికి,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. జవాబు రాయలేదు. అబద్ధం రాయడానికి నాకు అక్షరాలు చాలవు, నిజం రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు.

చెంచాతోనే పెట్టాను. మొదటి రోజు నుంచీ. మావాణ్ణి మీ అత్త అలాగే పెంచింది, వాడు లారీ అంత ఉన్నాడు. కానీ ఈ పిల్ల చెంచా కనపడితే పెదాలు బిగించేస్తుంది. నేను పాట పాడాను, పిల్లిలా అరిచాను, తల నిమిరినట్టు నిమిరి సందు చూసి తోశాను. అంతా బయటికి ఊసింది. మొన్న చెయ్యి విసిరితే చెంచా ఎగిరి నా కళ్ళజోడుకి తగిలింది. ఒక అద్దంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకూ పంతం వచ్చింది. పిల్లతో పంతమేంటని నన్నెవరూ అడగలేదు, అడిగేవాళ్ళు ఇంట్లో లేరు.

సీసా పాలు తాగుతోంది, నువ్వున్నప్పటి కంటే తక్కువ.

ఇవాళ ఆసుపత్రిలో తూచారు. నువ్వెళ్ళేటప్పుడు ఆరు కిలోల ఎనిమిది వందలు. నెల తర్వాత ఆరు తొమ్మిది వందలు. నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసి "తాతగారూ, వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే తల్లిని పిలిపించండి" అంది.

తప్పు నాది. పిల్లది కాదు.

మామ

*

హాస్టల్
ఆదివారం

మావయ్య గారికి,

చదివాను.

క్రేన్ కంటే పిల్ల ఎక్కువ. వచ్చే నెల తూకం దాకా నేను ఆగలేను. ఇంకో రెండు వారాలు చూస్తాను. ఈ లోపు మీ దగ్గర నుంచి మంచి మాట రాకపోతే పేరు కొట్టేసినా సరే వచ్చేస్తాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఈ రెండు వారాలు ఆ కాయితంలో ఉన్నది ఉన్నట్టు చేయండి. పాలు తాగిన గంటకి నిటారుగా కూర్చోబెట్టండి. ముక్క వేళ్ళ మధ్య నలిగేంత మెత్తగా ఉండాలి. పక్కనుంచి లేవకండి. నోటి దగ్గరకి మీ చెయ్యి వెళ్ళకూడదు. ఇంత పెద్దవారు, కాసేపు చేతులు కట్టుకుని కూర్చోలేరా?

మీ కోడలు

*

ఇల్లు, వంటింటి నేల (బల్ల మీద చోటు లేదు)
శుక్రవారం

కోడలికి,

రావద్దు. ముందు ఆ మాట. తర్వాత సంగతి.

చేతులు కట్టుకుని కూర్చోలేరా అని రాశావు. నన్ను అంత మాట అన్నవాళ్ళు లేరు, మీ అత్త తప్ప. చదివి పొద్దున్నంతా మండిపోయాను. మధ్యాహ్నానికి చల్లారి, పని అన్నాక పనిలాగే చేద్దామని కూర్చున్నాను.

నలభై నాలుగేళ్ళు సుత్తులకీ ఉలులకీ గొడ్డళ్ళకీ పిడులు చేశాను. పిడి అనేది చేతిని బట్టి చెయ్యాలి, చూసేవాడి కంటిని బట్టి కాదు. బుడంకాయ నిద్రపోతుంటే దాని అరచెయ్యి దారంతో కొలిచాను. నా రెండు వేళ్ళ వెడల్పు కూడా లేదు. సరిగ్గా ఆ కొలతకి చిలగడదుంప ముక్కలు కోశాను. ఆవిరి మీద ఉడికించాను, నొక్కి చూశాను, అంచులు గుండ్రంగా తీశాను. పన్నెండు ముక్కలు, ఒకే అచ్చు. గిరాకీకి చూపించే పిడుల్లా వరసగా పేర్చాను. చూసుకుని నాకే ముచ్చటేసింది.

పట్టుకుంది. ఎంత బాగా పట్టుకుందంటే ముక్క పిడికిట్లో పూర్తిగా ఇమిడిపోయింది. నోటికి తీసుకుపోయింది. పిడికిలి నోట్లో, ముక్క పిడికిట్లో. దానికి పట్టుకోవడం వచ్చు, వదలడం ఇంకా రాదు. వేళ్ళు చీకింది, కణుపులు చీకింది, ఎర్రబడి నా వైపు చూసి అరిచింది. రెండో చేత్తో ఇంకోటి తీసుకుంది. అదీ అంతే. రెండు పిడికిళ్ళూ నిండుగా, నోరు ఖాళీగా.

మూడు రోజులు అదే వరస. దుంప తప్పన్నాను, కుర్చీ తప్పన్నాను, నీ కాయితం తప్పన్నాను. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాన్ని కదా. నాలుగో రోజు ఒకాయన ఉలికి పిడి వేయించుకోడానికి ఇంటికే వచ్చాడు. బిగించి చేతికిచ్చాను. ఆయన పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూస్తున్నాడు. పిడి కనపడటం లేదు, పిడికిలి బయట ఉలి కనపడుతోంది. అప్పుడు వెలిగింది నాకు. పిడి చేతికోసం. పని చేసేది బయటున్న ఇనుము. నేను పిల్లకి పన్నెండు పిడులిచ్చి ఒక్కదానికీ ఉలి పెట్టలేదు. ఆయన ముందే పగలబడి నవ్వాను. పిడి వదులైందేమోనని పాపం ఆయన మళ్ళీ చూసుకున్నాడు.

అదే పూట రెండింతలు పొడవు కోశాను. సగం పిడికిట్లో, సగం బయట. నునుపు కూడా తియ్యలేదు, గరుకుంటే జారదు. బుడంకాయ పట్టుకుంది, బయటి సగం నోట్లో పెట్టుకుంది, కొరికింది. నమిలింది. చిగుళ్ళతో నమలడం ఎలాగో దానికెవరు నేర్పారో. మింగింది. మింగాక ఇదేదో బాగుందన్నట్టు ముక్క వైపు చూసింది.

మూడో ముక్కకి ఖక్ అంది. ముఖం ఎర్రబడింది, కళ్ళనీళ్ళు వచ్చాయి, దగ్గింది. నేను లేవబోయాను. నీ కాయితం గుర్తొచ్చింది. చప్పుడు చేస్తుంటే ఆగండి, తనే బయటికి తెచ్చుకుంటుంది. చప్పుడు ఆగిపోతేనే ప్రమాదం, అప్పుడు మాత్రం ఆగకండి అన్నావు. చప్పుడు చేస్తోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. అంత బరువు పని నేనెప్పుడూ చెయ్యలేదు. ముక్క బయట పడింది. దాన్ని చూసింది. మళ్ళీ తీసుకుని తినేసింది. నాకు చొక్కా తడిసిపోయింది, దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

అందుకే రావద్దు.

మామ

*

హాస్టల్
మంగళవారం

మావయ్య గారికి,

ఇప్పుడు చెప్తున్నాను. మీ ఉత్తరం వచ్చేసరికి నేను సంచీ సర్దుకుని ఉన్నాను. పేరు తీసేయమని మాస్టారికి కాయితం కూడా రాశాను. ఆయన "రేపు ఇవ్వు" అని తిప్పి పంపారు. ఆ రేపే మీ ఉత్తరం వచ్చింది. మెట్ల మీద కూర్చుని చదివాను. "ఉలి పెట్టలేదు" దగ్గర నవ్వు ఆగలేదు. పక్క గది అమ్మాయి వచ్చి "ఏమైంది, ఇంట్లో అందరూ బాగున్నారా" అని అడిగింది. బాగున్నారు, మా మావయ్య చిలగడదుంపకి పిడి చేశాడు అన్నాను. ఆవిడ నా నుదురు పట్టుకు చూసింది.

సంచీ విప్పేశాను.

ఇవాళ ఏం తిందో రాయండి. ఎంత కింద పడిందో కూడా రాయండి. మీకు ఊడవడం రాదని నాకు తెలుసు.

మీ కోడలు

*

ఇల్లు
ఆదివారం

కోడలికి,

ఊడవడం వచ్చింది. తుడవడం వచ్చింది. గోడ మీద ఎండిన అరటిపండు బాడిసతో చెక్కితే తప్ప రాదని కూడా తెలిసింది. ఉడికిన గుమ్మడి, క్యారెట్, బీన్స్, నాలుగు పలకలుగా కోసిన గుడ్డు, అన్నీ తింటోంది. పడేది పడుతోంది. పక్కింటావిడ కిటికీలోంచి చూసి "పిల్లకి తినిపించకుండా కూర్చుని తమాషా చూస్తున్నారేంటండీ" అంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అన్నాను. మాట్లాడటం మానేసింది. ఇంట్లో శాంతిగా ఉంది.

మావాడు గురువారం వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి "నాన్నా, ఇంటి మీద పిడుగు పడిందా" అన్నాడు. తర్వాత చెంచా తీశాడు.

"ఒక్క చెంచా పెడతాను."

"పెట్టకు."

"నా కూతురు నాన్నా."

"కూతురు నీదే. నోరు దానిది."

వాడు నా ముఖం వైపు చూశాడు. "ఈ మాట నాకు పన్నెండేళ్ళప్పుడు ఎందుకు తట్టలేదు నీకు? బాడిస పట్టుకుంటే చాలు, అలా కాదంటూ లాక్కునేవాడివి."

వాడు చెంచా కడిగి పెట్టేశాడు. వాడికి కర్ర పని నచ్చక లారీ ఎక్కాడని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పుకున్నాను. వాడు అలా అని నాకెప్పుడూ చెప్పలేదు. తర్వాత నా పక్కనే నేల మీద కూర్చుని చేతులు కింద పెట్టుకున్నాడు. తండ్రీ కొడుకులం అలా కూర్చుంటే బుడంకాయ బీన్స్ తింది. మధ్యలో మా ఇద్దర్నీ చూసి నవ్వింది. మేం దానికి సర్కస్.

నిన్న తూకం. ఏడు కిలోల అయిదు వందలు. నర్సమ్మ నమ్మలేదు. పిల్లని దించి, మిషన్ సున్నాకి తెచ్చి, మళ్ళీ తూచింది. అదే. అప్పుడు మెడ మడతలో బీన్స్ ముక్క కనపడింది. "ఇది కూడా తూకంలోకి వచ్చింది తాతగారూ" అని నవ్వింది. తీసేసి మూడోసారి తూచమన్నాను. మాకు దొంగ తూకం అక్కర్లేదు. ఏడూ అయిదు వందలే.

"ఏం పెట్టారు" అంది. "నేనేం పెట్టలేదు. ముందుంచాను, అదే తింది" అన్నాను. "తల్లిని పిలిపించారా" అంది. "లేదు, ఆవిడకి వేరే పనుంది" అన్నాను. అక్కడ వరసలో తొమ్మిది మంది తల్లులున్నారు. పిడికిలి కొలత, బయటి సగం కొలత అందరికీ వేలు పెట్టి చూపించాను. అడగకుండానే చూపించాను. అడిగే దాకా ఆగడం నాకు ఇంకా రాలేదు.

మామ

*

హాస్టల్
గురువారం

మావయ్య గారికి,

ఏడూ అయిదు వందలు అని నా చేతి మీద రాసుకున్నాను. మాస్టారు ఏంటది అంటే బరువు అన్నాను. ఎన్ని టన్నులు అన్నారు. చెప్పలేదు.

వచ్చే నెల శని, ఆదివారాలు కలిపి రెండు రోజులు సెలవిస్తున్నారు. రావాలని ఉంది. భయంగా కూడా ఉంది. అప్పటికి నేనెళ్ళి మూడు నెలలు. నలభై మీటర్ల ఎత్తున గాలికి క్యాబిన్ ఊగితే నాకు భయం వెయ్యదు. పాప నన్ను చూసి ఎవరో అనుకుని మీ వెనక దాక్కుంటే ఏం చెయ్యను? తిండికి నా చెయ్యి అక్కర్లేదు అనిపించాలనుకున్నది నేనే. ఇప్పుడు అసలు నేనే అక్కర్లేదేమో అని ఉంది.

మీ కోడలు

*

ఇల్లు
సోమవారం

కోడలికి,

పిచ్చి మాటలు రాయకు. రా.

వచ్చేటప్పుడు బొమ్మలు తేవద్దు. గుమ్మంలో ఏడవద్దు. ఎగబడి ఎత్తుకోవద్దు. అది తినే వేళకి రా. చాప మీద ఎదురుగా కూర్చో. పిలవకు. నువ్వు గుమ్మంలోకి రాగానే మావాణ్ణి కూడా బయటికి తీసుకుపోతాను, మేమెవరం ఉండం. ఇప్పుడు పాకుతోంది. దానికి కావాల్సిన దాని దగ్గరకి అదే పోతుంది, ఎవరూ ఆపలేరు. నా చెప్పు ఒకటి అలాగే పోయింది.

నేను చెప్పేది తెలిసి చెప్తున్నాను. తోసి పెట్టినదాన్ని ఊసింది, తను తీసుకున్నదాన్ని మింగింది. నువ్వు చెంచావి కాకు.

మామ

*

హాస్టల్
మంగళవారం

మావయ్య గారికి,

శనివారం మీరిద్దరూ వీధి చివర నిలబడ్డ సేపట్లో ఏం జరిగిందో ఇంట్లో ఉండగా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

పాప కుర్చీలో కూర్చుని క్యారెట్ తింటోంది. నన్ను చూసింది. నమలడం ఆపింది. మళ్ళీ నమిలింది. నేను చాప మీద కూర్చుని, మీరన్నట్టే నోరు మూసుకున్నాను. మొత్తం తినేదాకా నా వైపు మళ్ళీ చూడలేదు. అంత సేపూ నేను దాన్నే చూశాను. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న తునక ఎత్తుతోంది మావయ్యా. నేను వెళ్ళేటప్పుడు మొత్తం పిడికిలి తప్ప రాదు. అది నేర్చుకున్నప్పుడు నేను లేను. దానికి కొంచెం ఏడ్చాను, చప్పుడు లేకుండా.

దించి చాప మీద వదిలాను. అటు తిరిగి తలుపు దాకా పాకింది. అయిపోయింది అనుకున్నాను. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నేరుగా నా దగ్గరకి వచ్చింది. మోకాలు పట్టుకుని లేచింది. నా ముఖం ముట్టుకోలేదు. నా చెయ్యి తీసుకుంది, వేళ్ళన్నీ చూసింది, ఒకటి ఎంచుకుంది, నోట్లో పెట్టుకుని కొరికింది. నాలుగు పళ్ళున్నాయి కదా, నాలుగూ దిగాయి. తర్వాత ఆ వేలు వదలకుండానే నా ఒళ్ళో నిద్రపోయింది. మీరు వచ్చేసరికి చూసింది అదే.

ఎల్లుండి టెస్టు. ఫలితం అదే రోజు చెప్తారట. వెంటనే రాస్తాను.

మీ కోడలు

*

ఇల్లు
బుధవారం

కోడలికి,

టెస్టు అయ్యాక నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. పోస్టాయన గుమ్మంలో ఇచ్చాడు. నేను కొత్త కళ్ళజోడు కోసం లోపలికెళ్ళి, వచ్చి, విప్పి, చాప మీద పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. బుడంకాయ పక్క నుంచి పాకుతూ వచ్చింది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కునే మనిషిని కదా, అది నాకంటే చురుకు. కింది సగం చింపి నోట్లో పెట్టేసుకుంది. వేలు పెట్టి తీశాను. ఈ ఒక్కసారికి చెయ్యి పెట్టాల్సి వచ్చింది, ఏమనుకోకు. తీసింది ముద్ద. ఒక్క అక్షరం మిగల్లేదు.

పై సగం చదివాను. పద్దెనిమిది మందిలో పదకొండు మంది పాసయ్యారని, అందులో నీ పేరు మూడోదని ఉంది. ఆ ముక్క గట్టిగా రెండుసార్లు చదివాను. మావాడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఇంకోసారి చదివించుకున్నాడు. పక్కింటావిడకి కూడా వినపడింది, వినపడాలనే చదివాను.

కింది సగంలో ఏం రాశావో వచ్చి చెప్పు.

మామ